మూలమంచం ఆయన గడ్డం

మా ఆయన సెలూన్ నడుపుతాడు. వారంలో ఆరు రోజులు ఊళ్ళో వాళ్ళ తలలు చూస్తాడు, మిగిలిన ఒక్కరోజూ నా తల తింటాడు. సోమవారం షాపుకి సెలవు. సెలవు రోజున ఎవరైనా ఏం చేస్తారు? కాస్త ఆలస్యంగా నిద్రలేస్తారు, ఇంట్లో విరిగిన స్టూలుకి మేకు కొడతారు, పెళ్ళాన్ని బజారుకి తీసుకెళ్తారు. ఈయన మాత్రం పొద్దున్నే కత్తెరలూ దువ్వెనలూ పెట్టెలో సర్దుకుని పెద్దాసుపత్రికి బయల్దేరతాడు. మంచం దిగలేని వాళ్ళకి గడ్డం గీసి, జుట్టు కత్తిరించి, గోళ్ళు తీసి, ఆకలి సంగతి గుర్తొచ్చినప్పుడు ఇంటికొస్తాడు. దమ్మిడీ తీసుకోడు. ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ ఆయన సోమవారం బాబాయ్.

బాబాయ్‌కి అంత పేరొచ్చింది గానీ పిన్ని ఒకత్తి ఉందని ఎవరికీ పట్టదు. అక్కడ వాడిన తువాళ్ళన్నీ మూటగా మా పెరట్లోకొస్తాయి. వాటిని వేడినీళ్ళలో మరగబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి, మడతలు పెట్టేదాన్ని నేను. సేవ ఆయనది, సబ్బు నాది. ఈ మాట ఆయన ముందే చాలాసార్లు అన్నాను. నవ్వేసి ఊరుకుంటాడు తప్ప తువాలు మాత్రం ముట్టుకోడు.

ఈ పిచ్చి ఆయనతో మొదలైంది కాదు. ఇప్పుడు ఆసుపత్రి ఉన్నచోట వెనకటికి ధాన్యం గిడ్డంగి ఉండేదట. మా మామగారి నాన్నగారి రోజుల్లో ఊరంతా విషజ్వరాలు పట్టుకున్నాయి. రోగుల్ని పడుకోబెట్టడానికి చోటు లేకపోతే, ఆ గిడ్డంగి యజమాని బస్తాలన్నీ బయట పడేయించి తలుపులు బార్లా తెరిచాడు. వడ్రంగులు మంచాలు చేసిపెట్టారు. బట్టలుతికేవాళ్ళు దుప్పట్లు ఉతికారు. ఎవరింట్లో పొయ్యి మీద ఏం ఉంటే అది గిన్నెల్లో వచ్చింది. క్షవరం పనివాళ్ళు మాత్రం వంతులేసుకున్నారు, వారానికి ఒకరు చొప్పున. జ్వరాలు పోయాయి, గిడ్డంగి ఆసుపత్రి అయింది, వంతు మాత్రం అలాగే నడిచింది. ముసలివాళ్ళు ఇప్పటికీ దాన్ని ధర్మాసుపత్రి అనే అంటారు.

తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకాయనకి నడుము నొప్పి, ఇంకొకాయన కొడుక్కి ఈ పని నచ్చదు, మరొకాయనకి రోగులంటే భయం. ఆఖరికి మా మామగారొక్కరే మిగిలారు. ఆయనకీ మోకాళ్ళు అరిగాక వంతు ఆగిపోయింది. కొన్నాళ్ళకి ఆయనే రోగిగా అదే ఆసుపత్రిలో పడ్డారు. మా ఆయన షాపు కట్టేసి సాయంత్రం పూట వెళ్ళి చూసొచ్చేవాడు. ఒకరోజు మామగారు అద్దం అడిగి, అందులో చూసుకుని, దాన్ని దుప్పటి మీద బోర్లా పెట్టేశారట. ఊళ్ళో సగం ముఖాలు నున్నగా చేసిన మనిషి పెరిగిన గడ్డంతో అలా పడుండటం చూసి, మర్నాడు మా ఆయన పెట్టె పట్టుకెళ్ళాడు. నాన్నకి గీస్తుంటే పక్క మంచం ఆయన, బాబూ, నాకూ ఓ చెయ్యి వెయ్యవా అన్నాడు. ఆయనకి అవతలి మంచం ఆయన నోటితో అడగకుండానే గడ్డం ఎత్తి చూపించాడు. మామగారు పోయారు గానీ సోమవారాలు పోలేదు.

ఆ ఆసుపత్రికి మంచి చేసేవాళ్ళకి కొదవ లేదు. పుట్టినరోజున పళ్ళు పంచేవాళ్ళు వస్తారు. రోగి చేతిలో పండు పెట్టి, ఫోటో సరిగ్గా రాలేదని మళ్ళీ తీసుకుని మళ్ళీ పెడతారు. పళ్ళు లేని ముసలమ్మకి కొరకలేని కాయ ఇచ్చి పోయినవాళ్ళనీ నేను చూశాను. మా ఆయన ఆ బాపతు కాదు. కానీ ఆయనకీ ఒక జబ్బుంది, అదేమిటంటే అడగడు. ముఖం నున్నగా ఉంటే సగం రోగం తగ్గినట్టేనని ఆయన సొంత వైద్యం. మంచం మీద మనిషి కళ్ళు తెరిచేలోపు చెంపలకి నురగ పట్టించేస్తాడు. కాస్త అడిగి చెయ్యండీ అని నేనంటే, ఉచితంగా గీస్తానంటే వద్దనేవాడెవడే అనేవాడు.

ఆ వద్దనే మనిషి నోరు తెరవలేని స్థితిలో వచ్చాడు. రోడ్డు దాటుతుంటే బండి గుద్దేసిందట. దారిన పోయేవాళ్ళు తెచ్చి ఆసుపత్రిలో పడేశారు. జేబుల్లో కాగితం ముక్క లేదు. తలకి కుట్లు, చెవుల మీదుగా కట్టు, ముఖమంతా వాచిపోయి, ముక్కులో గొట్టం. స్పృహ లేదు. వార్డులో మూలనున్న చివరి మంచం మీద వేశారు కాబట్టి అందరూ ఆయన్ని మూలమంచం ఆయన అన్నారు. గుండెల దాకా పెద్ద గడ్డం, రెండు వైపులా మెలితిప్పిన మీసం. గడ్డంలో మట్టీ నెత్తురూ కలిసి అట్టలు కట్టి ఉంది.

ఆ సోమవారం మా ఆయన ఇంటికి ఆలస్యంగా, మహా సంతోషంగా వచ్చాడు. ఇవాళ ఒక అడవి కొట్టానే అన్నాడు. ముందు కత్తెరతో, తర్వాత బ్లేడుతో, వాపు మీద నొప్పి తగలకుండా ఎంత నిదానంగా తీశాడో చేతులు తిప్పుతూ చెప్పాడు. ఇప్పుడెంత శుభ్రంగా ఉన్నాడో తెలుసా, పసిపిల్లాడి ముఖంలా ఉంది అన్నాడు. నేను తువాళ్ళు నానబెడుతూ విన్నాను. నాకూ సంతోషంగానే అనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

మర్నాడు పోలీసాయన వచ్చి, ఆచూకీ కోసం గోడల మీద అంటించడానికి మూలమంచం ఆయన ఫోటో తీసుకెళ్ళాడట. ముఖం ఇంత శుభ్రంగా ఉంటే ఫోటో బాగా వస్తుందని మెచ్చుకున్నాడట కూడా.

తర్వాతి సోమవారం తువాళ్ళు మడత నలగకుండా తిరిగొచ్చాయి. మా ఆయన పెట్టెని గుమ్మంలోనే పెట్టి, మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఒంట్లో బాగాలేదేమోనని చెయ్యి పట్టుకు చూశాను.

“ఒక మనిషి ముఖం చెరిపేశానే,” అన్నాడు.

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వార్డు ఊడ్చే ఆయమ్మ కబుర్లలో పెట్టి మామూలుగా అందట, వారం మధ్యలో ఎవరో ఒకావిడా, ఆవిడ అన్నగారూ వచ్చారు బాబాయ్, గడ్డం మనిషి కోసం వెతుక్కుంటూ, అని. పెద్ద గడ్డమున్న మనిషిని బండి గుద్దిందని బస్సు కండక్టరెవరో చెబితే పరిగెత్తుకొచ్చారట. వార్డులన్నీ తిరిగారు, ప్రతి మంచం చూశారు, మూలమంచం కూడా చూశారు. గడ్డం మనిషి ఎక్కడా లేడు. ఇక్కడ కాదులే అని వెళ్ళిపోయారు. ఆయమ్మ ఆ వారమే సెలవునుంచి వచ్చింది, మూలమంచం ఆయన్ని గడ్డంతో చూడనే లేదు. ఎక్కడివాళ్ళో తను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఆయమ్మ ఈ మాట చెప్పేటప్పటికి మా ఆయన ఎవరి చెంపకో నురగ పట్టించడానికి బ్రష్ తడుపుతున్నాడట. దాన్ని అలాగే పెట్టెలో పడేసి వచ్చేశాడు.

నాకు జాలికంటే ముందు కోపమొచ్చింది. అడిగి చెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను అని గట్టిగానే అరిచాను. అరిచాక ఆయన ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఆయన లేచి, పెట్టె లోపల పెట్టి, చొక్కా మార్చుకున్నాడు. “గీసింది నేను. వెతకాల్సింది కూడా నేనే,” అన్నాడు. ఎక్కడికండీ అంటే పోలీస్ స్టేషన్‌కి అన్నాడు.

స్టేషన్లో విన్నారు, రాసుకున్నారు. కానీ నున్నటి ముఖం ఫోటో అప్పటికే గోడలెక్కేసింది. ఇంటివాళ్ళు ఎక్కడైనా ఫిర్యాదు ఇచ్చి ఉంటే గడ్డమున్న ఫోటో ఇచ్చి ఉంటారు. ఇక్కడున్నది గడ్డం లేని ఫోటో. రెండూ ఒక్క మనిషివేనని ఎవరికి తడుతుంది? పైగా వార్డు సిస్టరమ్మ ఇంకో పిడుగులాంటి మాట చెప్పింది. ఎవరూ రాని రోగుల్ని ప్రాణభయం తప్పాక ఎక్కువకాలం ఉంచుకోరట. నెలాఖరుకి వ్యాన్ వస్తుంది, చాలా దూరంలో ఉన్న అనాథల ఆశ్రమానికి పంపేస్తారు. ఆ ఆవిడ మళ్ళీ వెతుక్కుంటూ ఈ ఊరొచ్చినా అప్పటికి ఆయన ఇక్కడ ఉండడు.

మా ఆయనకి మొదట తట్టిన ఉపాయం విని నేను నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎదురు వీధిలో బోర్డులు రాసే పెయింటరు దగ్గరికెళ్ళి, ఆ గోడ ఫోటో మీద గడ్డం గీయమన్నాడు. పెయింటరు పాపం చాలా మనసు పెట్టి గీశాడు. తీరా చూస్తే అది సినిమాలో బందిపోటు నాయకుడిలా తయారైంది. కళ్ళు కూడా కాస్త ఎర్రగా చేశాడు, అడక్కుండానే. మంచి చెయ్యబోయి అడక్కుండా చేసేవాళ్ళు మా వీధిలో ఇంకొకరున్నారని అప్పుడు తెలిసింది. దాన్ని బజార్లో చూపిస్తే, ఈ సినిమా ఎప్పుడు రిలీజ్ అని ఒకడు అడిగాడట.

ఆ రాత్రి అన్నం కెలుకుతూ కెలుకుతూ మా ఆయన చటుక్కున తలెత్తాడు. అది దిక్కులేని గడ్డం కాదే అన్నాడు. మట్టి కొట్టుకుపోయి ఉన్నా, చెంపల దగ్గర అంచు గీత తీరుగా ఉంది, మీసం కొసలు సమంగా కత్తిరించి ఉన్నాయి. దానికో పనివాడున్నాడు. ఆ పనివాడికిప్పుడు ఒక మనిషి తక్కువయ్యాడు. అతణ్ణి పట్టుకుంటే చాలు అన్నాడు.

మర్నాటినుంచి మా షాపు మధ్యాహ్నానికే మూతపడేది. ఆయన సైకిలేసుకుని ఊళ్ళో ఉన్న ప్రతి సెలూన్‌కీ వెళ్ళేవాడు. ఒక్కణ్ణే పంపితే భోజనం మర్చిపోతాడని కొన్నిరోజులు నేనూ వెంటపడ్డాను. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి తను లోపలికెళ్ళి, కుర్చీ వెనక నిలబడి, అక్కడివాడి చెవిలో ఏదో గొణిగేవాడు. ఏమడుగుతున్నారని నేనంటే అది నీకు కాదు అనేవాడు. పెళ్ళయినప్పటినుంచి ఆయన నా దగ్గర దాచింది ఏదీ లేదు, కనీసం నేననుకున్నంతవరకు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ దాచిందేమిటో నాకు తర్వాత తెలిసింది, మీకు ఇప్పుడే చెబుతాను. మూలమంచం ఆయనకి గడ్డం కింద, ఎడమ దవడ దగ్గర, చొక్కా బొత్తాం అంత మేర వెంట్రుక మొలవదు. నున్నటి బోడి మచ్చ. దాన్ని కప్పడానికే పక్కనున్న వెంట్రుకల్ని ఒక వాటంగా పెంచి అటు దువ్వేవాడు ఎవరో. ఆ మచ్చ సంగతి ఆ మనిషికీ, ఆయన పనివాడికీ తప్ప మూడోవాడికి తెలిసే అవకాశం లేదు. గుడ్డ కప్పి కూర్చోబెట్టిన మనిషి ఒంటిమీద ఏం కనిపించినా పెళ్ళానికి కూడా చెప్పకూడదని మా మామగారు నేర్పిన పద్ధతి. సాటి పనివాణ్ణి అడగొచ్చు. అందుకే చెవిలో గొణుగుడు.

అందరూ తెలియదనే అన్నారు. మా ఆయన మాత్రం ప్రతిచోటా ఒకే మాట చెప్పి వచ్చేవాడు. చెప్పలేకపోతే చెప్పొద్దు, కానీ మీ మనిషి రావాల్సిన వేళకి రాకపోతే ఒకసారి పెద్దాసుపత్రి మూలమంచం దగ్గరికి రండి. బస్టాండు పక్కన చిన్న షాపు పెట్టుకున్న ఒక పెద్దాయన అయితే ఆ మాట విన్నాక కూడా, తెలియదని చెప్పాను కదా తమ్ముడూ అని ముఖం తిప్పేసుకున్నాడు. కోపిష్టి మనిషి అనుకున్నాం.

రోజూ సాయంత్రం మా ఆయన మూలమంచం దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడు. కత్తి తీసేవాడు కాదు. తడిగుడ్డతో ముఖం తుడిచేవాడు, కొత్తగా వస్తున్న గడ్డాన్ని చూసుకునేవాడు, తోటలో విత్తనం వేసినవాడు చూసుకున్నట్టు. ఒకరోజు తుడుస్తూ వేళ్ళు దవడ కింద ఆనిస్తే ఆ మనిషి గడ్డం కొంచెం పైకెత్తాడు. కుర్చీలో కూర్చున్నవాడు కత్తికి అనువుగా ఎత్తినట్టు. స్పృహ వస్తోందని సిస్టరమ్మని కేకేసి చూపించాడు. ఆ తర్వాత ఆ మనిషి నెమ్మదిగా కళ్ళు తెరిచాడు గానీ మాట లేదు. పేరడిగితే పైకప్పు చూసేవాడు. తెలివి వస్తుంది, మాట రావడానికి టైం పడుతుందని డాక్టర్లు అన్నారు.

నెలాఖరు వచ్చింది, వ్యాన్ కూడా వచ్చింది. మా ఆయన పొద్దున్నే వెళ్ళి మూలమంచం చివర కూర్చున్నాడు. లేవమంటే లేవనన్నాడు. సంగతి తెలిసి నేనూ పోయి ఆయన పక్కన కూర్చున్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన మొండితనానికి నేను అడ్డుపడకపోవడం అదే మొదటిసారి. సిస్టరమ్మ బతిమాలింది. వ్యాన్ డ్రైవరు గడియారం చూసుకున్నాడు. ఆఖరికి పెద్ద డాక్టరుగారు వచ్చి, ఏమిటయ్యా సోమవారం బాబాయ్, నువ్వు కూడా నా మీద ధర్నాయా అన్నాడు. మా ఆయన లేచి నమస్కారం పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. ఇంటిని ఆయనకి నేనే దూరం చేశాను సార్, ఇంకా దూరం పంపేస్తే నేను మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేను, కాస్త గడువివ్వండి అన్నాడు. డాక్టరుగారు ఆయన్నీ, నన్నూ, మంచం మీద మనిషినీ చూశాడు. ఒక వారం, అంతకు మించి నా చేతుల్లో లేదన్నాడు.

ఆ వారంలో మా ఆయన షాపు తీయనే లేదు. పక్క ఊళ్ళ సెలూన్లు కూడా తిరిగాడు. రోజూ ఉత్తచేతులతో వచ్చి, నీళ్ళు తాగి, మర్నాడు ఎటు వెళ్ళాలో నాకు చెప్పి పడుకునేవాడు. వదిలెయ్యండి అని నేను ఒక్కసారి కూడా అనలేదు. అనాలనిపించింది మాత్రం నిజం.

వారం ముగుస్తుందనగా, సాయంత్రం మేమిద్దరం మూలమంచం దగ్గర ఉండగా, వార్డు గుమ్మంలో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. బస్టాండు పెద్దాయన. చేతిలో చిన్న గుడ్డ సంచీ. నేరుగా మంచం దగ్గరికొచ్చి, రోగి ముఖం చూశాడు. గుర్తుపట్టలేదు. ఇంకా కొంచెం వంగి, వేలితో ఎడమ దవడ కింద తడిమాడు. వేలు ఒకచోట ఆగింది. రోగి గడ్డం పైకెత్తాడు.

పెద్దాయన నిటారుగా లేచాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు.

“నువ్వడిగిన రోజున అబద్ధం చెప్పాను తమ్ముడూ. ఎవరికీ చెప్పనని ఇతనికి మాటిచ్చాను.”

“మీ స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణన్నా,” అన్నాడు మా ఆయన.

అప్పుడు తెలిసింది మూలమంచం ఆయన ఎవరో. ఊరూరా తిరిగి తాళాలు బాగుచేస్తాడు. ఇల్లు ఇక్కడికి రెండు బస్సులు మారి వెళ్ళాల్సినంత దూరం. ఇంటి దగ్గర సెలూన్లో గడ్డం దిద్దించుకుంటే మచ్చ సంగతి ఊరంతా తెలిసిపోతుందని, నెలకోసారి ఈ ఊరొచ్చినప్పుడు పెద్దాయన దగ్గర దిద్దించుకుంటాడు. పెళ్ళికి ముందునుంచీ అదే అలవాటు. ఈ నెల రాలేదు. నాలుగు రోజులు ఎదురుచూశాక పెద్దాయనకి అన్నం సహించలేదట. ఇంటి గుర్తులు ఆయనకి తెలుసు, కుర్చీలో కూర్చున్నప్పుడల్లా ఆ మనిషి ఇల్లు తప్ప ఇంకోటి మాట్లాడేవాడు కాదట. అప్పటికప్పుడే ఫోన్లు కలిశాయి. ఆ ఊరి తపాలా ఆఫీసు ద్వారా కబురు వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ వస్తుందని తెలిసింది. మా ఆయన ఆ రోజు పెట్టె పట్టుకుని వచ్చాడు. పెద్దాయన కూడా వచ్చాడు. గడ్డం అప్పటికి దువ్వెన పళ్ళకి అందేంత పెరిగింది. మా ఆయన మంచం పక్కన వంగి, జీవితంలో మొదటిసారి, అడిగాడు.

“సరిచెయ్యమంటారా? మీరు ఊఁ అంటేనే.”

మూలమంచం ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని గడ్డం ఎత్తాడు. ఇద్దరు పనివాళ్ళూ చెరో పక్క నిలబడ్డారు. ఒకరు అంచు దిద్దితే ఇంకొకరు దువ్వారు. మచ్చ మీదికి వెంట్రుకల్ని ఏ వాటంగా తిప్పాలో పెద్దాయన చేత్తో చూపించాడు, మా ఆయన నేర్చుకున్నాడు. నన్ను అటు తిరగమన్నారు. తిరిగాను. ఆ మచ్చ గురించి ఆ మనిషే తర్వాత పెళ్ళానికి చెప్పుకుని నవ్వుకున్నాడని తెలిసింది కాబట్టి రాస్తున్నాను గానీ, లేకపోతే నా నోట వచ్చేది కాదు.

ఆవిడ అన్నగారిని వెనకేసుకుని వచ్చింది. గుమ్మంలో అడుగుపెడుతూనే, ఇంత పొడవు వార్డులో, ఇన్ని మంచాల మధ్య, ఎవరూ చూపించకుండానే చివరి మంచం వైపు పరిగెత్తింది. ఆయన ఆవిణ్ణి చూసి నోరు తెరిచాడు. మాట రాలేదు, ఒక శబ్దం వచ్చింది. అది ఆవిడ పేరే అయి ఉంటుంది, ఎందుకంటే ఆవిడ, ఆఁ, నేనే, నేనే అంది. నాకు ఏడుపు ఆగలేదు. చేతిలో ఉన్న ఉతికిన తువాలుతోనే కళ్ళు తుడుచుకున్నాను.

కాస్త కుదుటపడ్డాక ఆవిడ మంచాన్నీ, కిటికీనీ, గోడనీ చూసింది. దుప్పటి అంచు చేతిలోకి తీసుకుంది.

“నేనీ మంచం దగ్గరికొచ్చాను,” అంది నాతో. “అప్పుడు ఇక్కడే నిలబడ్డాను. దుప్పటి జారిపోయి ఉంది. ఎవరింటి మనిషో పాపం అనుకుని, కప్పి వెళ్ళిపోయాను.”

మా ఆయన పెట్టె కింద పెట్టాడు. రెండడుగులు ముందుకేసి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. చేతులు కట్టుకోలేదు, తల దించుకోలేదు.

“తప్పు మీది కాదమ్మా. ఆ గడ్డం తీసింది నేను. మిమ్మల్ని అడగలేదు, ఆయన్నీ అడగలేదు. మంచి చేస్తున్నాననుకున్నాను.”

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. అన్నగారు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. తర్వాత మంచం వైపు తిరిగి, భర్త గడ్డం మీద అరచెయ్యి పెట్టి, ఇంకా చిన్నగానే ఉంది, పెరుగుతుందిలే అని ఆయనకే చెప్పుకుంది.

మా ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయన ఇప్పటికీ అంటాడు.